బోర్డు రాసినంత మాత్రాన బాధ్యత పోతుందా?

(కురబలకోటలో మహిళా సంఘాల కార్యకర్తల న్యాయ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన అంశం వింటే కొందరికి నవ్వు రావచ్చు. సూపర్ మార్కెట్లో సామాను వేసుకుని తోసుకుపోయే ట్రాలీ బయట నిలబెట్టిన మన బండికి తగిలి దెబ్బ చేస్తే, ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఇదీ అంశం. వరకట్నం, గృహహింస, భూమి పట్టాలు, కూలి రేట్లు మాట్లాడుకునే చోట ట్రాలీ సంగతేమిటని అనిపిస్తుంది. కానీ కొంచెం ఆలోచిస్తే ఇది చిన్న విషయం కాదని మీకే తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ దారుల్లో ఆడది బండి నడిపితే ఆగి చూసేవాళ్ళు. ఇప్పుడు టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా వర్కర్లు, కుట్టుపని చేసుకునేవాళ్ళు, చదువుకునే ఆడపిల్లలు స్కూటీ మీదే తిరుగుతున్నారు. బస్సు కోసం గంటసేపు కాచుకోకుండా, తీసుకుపొమ్మని ఎవరినీ అడుక్కోకుండా మనకు దొరికిన స్వేచ్ఛ ఆ బండి. చాలామంది వాయిదాల మీద కొన్నదే. దానికి దెబ్బ తగిలితే ఒక వారం పని ఆగిపోతుంది, నెల లెక్క తప్పుతుంది. కాబట్టి బండికి జరిగిన నష్టం ఎవరిదన్న ప్రశ్న మన ఉపాధికి సంబంధించిన ప్రశ్నే.

ఒక ఉదాహరణ అనుకుందాం. అంగళ్ళులో కుట్టుమిషన్ పెట్టుకున్న ఒకామె నెల సరుకుల కోసం మదనపల్లెలో ఒక సూపర్ మార్కెట్‌కు వెళ్ళింది. బండిని స్టాండులో గీత లోపలే నిలబెట్టింది. అరగంట తర్వాత బయటికి వచ్చి చూస్తే ఖాళీ ట్రాలీ ఒకటి వాలులో దొర్లుకుంటూ వచ్చి బండిని పడేసి వుంది. అద్దం పగిలింది, బ్రేకు లివరు వంగింది, ముందు మడ్‌గార్డు చీలింది. వాచ్‌మన్ గోడ మీది బోర్డు చూపించాడు. "వాహనముల భద్రత యజమానులదే. మేనేజిమెంటుకు ఏ విధమైన సంబంధము లేదు" అని వుంది. మేనేజరు "ఎవరో కస్టమరు వదిలేసి పోయింటారు, మేమేం చేస్తామమ్మా" అన్నాడు. ఇంటికి పోతే మొగుడు "నువ్వు స్టాండు సరిగా వేసింటే పడేదా?" అన్నాడు. మాటలు మూడు, అర్థం ఒక్కటే. తప్పు నీది, ఖర్చు నీది.

ఈ మూడు మాటలూ చట్టం ముందు నిలుస్తాయా అని ఇప్పుడు చూద్దాం.

చట్టం కంటే ముందు మన సంతలో నడిచే న్యాయం చూడండి. అంగళ్ళు సంతలో ఒక ఎద్దు పలుపు తెంచుకుని పోయి ఇంకొకరి గంపను తొక్కిందనుకోండి. అక్కడ నలుగురూ ఏమడుగుతారు? ఎద్దు ఎవరిది, కట్టింది ఎవరు, పలుపు గట్టిదేనా, ఇది పొడిచే ఎద్దని ముందే తెలుసా అని అడుగుతారు. గంప అక్కడెందుకు పెట్టావని కూడా అడుగుతారు, దారికి అడ్డంగా పెట్టివుంటే. అంతే గానీ ఎద్దు యజమాని "నా ఎద్దు తొక్కితే నాకు సంబంధం లేదు" అని మెడలో అట్ట కట్టుకుని వస్తే ఎవరూ ఒప్పుకోరు. కోర్టులు నిర్లక్ష్యం గురించి చెప్పిన సూత్రాలన్నీ దాదాపు ఈ ప్రశ్నలే. ఒక వస్తువు ఎవరి అదుపులో వుంటే, దానివల్ల పక్కవాళ్ళకు హాని కలగకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా వారిదే.

ఈ సూత్రానికి పునాది వేసిన కేసు ఒక పేద స్త్రీది. స్కాట్లండ్‌లో పెయిస్లీ అనే పట్నంలో 1928లో మే డొనహ్యూ అనే ఆమెకు స్నేహితురాలు ఒక సీసా జింజర్ బీరు కొనిపెట్టింది. అందులో కుళ్ళిన నత్త వుందని, తాగి జబ్బుపడ్డానని ఆమె దావా వేసింది. కొన్నది ఆమె కాదు, తయారీదారుతో ఆమెకు ఏ ఒప్పందమూ లేదు. అయినా 1932లో బ్రిటన్ ప్రభువుల సభ, అలాంటి వస్తువు తయారుచేసేవాడికి దాన్ని వాడేవారి పట్ల జాగ్రత్త వహించే బాధ్యత వుంటుందని తీర్పు చెప్పింది. కోర్టు ఖర్చులు పెట్టుకోలేని పేదరాలినని అర్జీ పెట్టుకుని ఆమె ఆ కేసు నడిపింది. మన దేశంలో కూడా కోర్టులు ఆ సూత్రాన్నే అనుసరిస్తున్నాయి. "నీకూ మాకూ ఒప్పందమేమీ లేదు కదా" అనే మాటకు అది సమాధానం.

మన దేశంలోనే ఇంకో ముఖ్యమైన తీర్పు 1966లో వచ్చింది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో మునిసిపాలిటీ గంటస్తంభం కూలి ముగ్గురు చనిపోయారు. వాళ్ళ కుటుంబాలు నష్టపరిహారం కోసం పోరాడాయి. ఆ తీర్పు సుభాగ్వంతి అనే స్త్రీ పేరుతోనే ఈ రోజుకీ లా పుస్తకాల్లో వుంది. స్తంభం పూర్తిగా మునిసిపాలిటీ అదుపులో వుంది, సరిగా చూసుకుంటూ వుంటే అది కూలే వస్తువు కాదు, కాబట్టి కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యం, కాదని రుజువు చేసుకోవలసింది మునిసిపాలిటీయేనని సుప్రీంకోర్టు చెప్పింది. చనిపోయినవాళ్ళ భార్యాపిల్లలు స్తంభం లోపలికి దూరి ఇటుక ఎక్కడ సడలిందో వెతికి చూపించనక్కరలేదన్న మాట.

ఇప్పుడు ట్రాలీ దగ్గరికి వద్దాం. ట్రాలీ గంటస్తంభం లాంటిది కాదు. దాన్ని కస్టమర్లు తోస్తారు, పిల్లలు ఆడుకుంటారు, గాలి తోస్తుంది. కాబట్టి ట్రాలీ తగిలిన ప్రతిసారీ దుకాణమే బాధ్యురాలని మనం అనలేం. తగిలినప్పుడు ఎవరి చేతిలో వుందని మొదట అడగాలి. ఎవరో కస్టమరు తోస్తూ తోస్తూ మన బండికి కొట్టివుంటే బాధ్యత ఆ మనిషిది. దుకాణంలో పనిచేసే మనిషి ట్రాలీల వరస తోసుకుపోతూ కొట్టివుంటే బాధ్యత యజమానిది. పనిలో వుండగా పనివాడు చేసిన నిర్లక్ష్యానికి పని చేయించుకునేవాడు జవాబు చెప్పాలన్నది పాత సూత్రం.

ఎవరి చేతిలోనూ లేని ట్రాలీ దొర్లివచ్చి కొట్టినప్పుడే అసలు తగవు. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి. పార్కింగు నేల వాలుగా వుందా? ట్రాలీలు పెట్టడానికి కమ్మీలు కట్టిన చోటు వుందా? వదిలేసిన ట్రాలీలను ఎప్పటికప్పుడు తెచ్చే మనిషి వున్నాడా, లేక ఒక్కడినే పెట్టి బస్తాలు కూడా మోయిస్తున్నారా? చక్రాలు పాడైన ట్రాలీలను పక్కన పెట్టారా? ఇంతకుముందు ఇలాగే జరిగిందని ఫిర్యాదులు వచ్చినా వూరుకున్నారా? కస్టమర్లు ట్రాలీలను ఎక్కడపడితే అక్కడ వదిలిపోతారన్నది ఏ దుకాణానికీ తెలియని సంగతి కాదు. తెలిసి కూడా ఏర్పాటు చెయ్యకపోతే దాన్నే చట్టం నిర్లక్ష్యం అంటుంది.

ఏర్పాటు చెయ్యడం కష్టమా? ట్రాలీ పుట్టింది 1937లో, అమెరికాలోని ఓక్లహోమా సిటీలో. సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణాల యజమాని, చేతిబుట్ట నిండగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి చక్రాల బండి తయారుచేయించాడు. అంటే ట్రాలీ పెట్టింది మన సుఖం కోసమే కాదు, వాళ్ళ అమ్మకం పెరగడానికి. లాభం తెచ్చే వస్తువు తెచ్చే ప్రమాదాన్ని కూడా వాళ్ళే చూసుకోవాలి గదా! ఆ దేశంలో ఈ తగవులు మామూలే. కొన్ని దుకాణాల్లో నాణెం వేస్తేనే ట్రాలీ గొలుసు ఊడివస్తుంది, తిరిగి తెచ్చి పెడితేనే నాణెం వెనక్కి వస్తుంది. కొన్నిచోట్ల హద్దు గీత దాటగానే చక్రం బిగుసుకుపోతుంది. మన ఇళ్ళల్లోంచి డాలస్‌కో న్యూజెర్సీకో పోయిన పిల్లలు ఇవన్నీ రోజూ చూస్తున్నవే. అంత యంత్రాంగం లేకపోయినా, ఇక్కడ కావలసింది నాలుగు ఇనుప కమ్మీలు, ఒక మనిషి.

ఇక బోర్డు సంగతి. గోడ మీద రాసినంత మాత్రాన అది చట్టం కాదు. మనం ఒప్పుకున్న షరతు మాత్రమే మనల్ని కట్టేస్తుంది, అది కూడా న్యాయమైనదైతే. ఇంగ్లండులో 1971 నాటి ఒక తీర్పు వుంది. థార్న్‌టన్ అనే ఆయన కారును పార్కింగులో పెట్టి, తీసుకోవడానికి వచ్చినప్పుడు ప్రమాదంలో గాయపడ్డాడు. యంత్రం ఇచ్చిన టికెట్టు మీద సన్నటి అక్షరాల్లో, షరతులు లోపల అంటించి వున్నాయని రాసి వుంది. లోపలి షరతుల్లో గాయాలకు మా బాధ్యత లేదని వుంది. టికెట్టు ఇచ్చిన తర్వాత లోపల చూపించే షరతు చెల్లదని కోర్టు చెప్పింది. అదే కేసులో సగం తప్పు ఆయనదీ వుందని నష్టపరిహారాన్ని సగానికి తగ్గించింది. ఇది కూడా మనం గుర్తుంచుకోవాలి. బండిని దారికి అడ్డంగా పెట్టి మొత్తం నష్టం ఇమ్మంటే రాదు.

మన సుప్రీంకోర్టు 2019 నవంబరు 14న ఇంకా స్పష్టంగా చెప్పింది. 1998 ఆగస్టులో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చిన ఒకాయన తన మారుతీ జెన్ కారును, తాళంచెవిని హోటల్ మనిషికి అప్పగించి లోపలికి వెళ్ళాడు. వచ్చేసరికి కారు లేదు. ఎవరో ఎత్తుకుపోయారు. ఇచ్చిన చీటీ మీద "యజమాని పూచీ మీదనే" అన్న అర్థం వచ్చే మాటలు అచ్చువేసి వున్నాయి. పార్కింగు వూరికే ఇచ్చాం కదా అని కూడా హోటల్ వాదించింది. వూరికే అన్నది పేరుకే, ఆ ఖర్చు గదికీ భోజనానికీ వేసే బిల్లులోనే కలిసి వుంటుందని కోర్టు అన్నది. వాహనాన్ని ఒకసారి స్వాధీనం చేసుకున్నాక, తమ నిర్లక్ష్యానికి, తమ సిబ్బంది నిర్లక్ష్యానికి బాధ్యత లేదని చీటీ మీద రాసుకుని హోటల్ తప్పించుకోలేదని తీర్పు చెప్పింది. తగిన జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకోవలసిన భారం కూడా హోటల్ మీదనే పెట్టింది. దీనికి ఆధారం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. ఒకరి వస్తువును దగ్గర పెట్టుకున్నవాడు, తన సొంత వస్తువును బుద్ధిమంతుడు ఎలా చూసుకుంటాడో అలా చూడాలని 151వ సెక్షను చెబుతోంది.

అయితే ఒక తేడా వుంది, దాన్ని దాచిపెట్టి మీకు ఆశలు కల్పించను. తాళం ఇచ్చి టోకెను తీసుకుంటే బండి వాళ్ళ స్వాధీనంలోకి పోయినట్టు. అప్పుడు జవాబు చెప్పవలసింది వాళ్ళు. డబ్బు తీసుకుని టోకెను ఇచ్చే స్టాండుల్లో మన వాదానికి బలం వుంటుంది. అలా కాకుండా ఖాళీ స్థలం చూపించి, మనమే బండి పెట్టి, మనమే తాళం వేసుకుని పోతే అది స్థలం వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే అని వాళ్ళు వాదిస్తారు. అప్పుడు బండి పోతే వాళ్ళను పట్టుకోవడం కష్టం. కానీ వాళ్ళ ట్రాలీయే వచ్చి కొడితే? అప్పుడు ప్రశ్న బండి కాపలాది కాదు, వాళ్ళ వస్తువును వాళ్ళు అదుపులో పెట్టుకున్నారా లేదా అన్నది. మన ఉదాహరణలో అంగళ్ళు ఆమె కేసు ఇదే. నిర్లక్ష్యాన్ని ఆమె చూపించాలి. అందుకే ఇందాక చెప్పిన ప్రశ్నలకు సాక్ష్యం అక్కడికక్కడే పోగుచేసుకోవాలి.

మన మీటింగుల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇంకొకటి. "బండి మా ఆయన పేరు మీద వుంది. నేనెట్లా అడిగేది?" కాంట్రాక్టు చట్టం 180వ సెక్షను ప్రకారం, ఒకరి వస్తువును అప్పగింత మీద స్వాధీనంలో పెట్టుకున్నవారు కూడా దానికి నష్టం చేసినవారి మీద యజమాని లాగే దావా వెయ్యవచ్చు. కాబట్టి బండి మీ చేతిలో వుండగా దెబ్బతింటే అడిగే హక్కు మీకుంది. వీలైతే యజమానిని కూడా కలుపుకుని ఫిర్యాదు చెయ్యండి, తగవు తగ్గుతుంది. అంతకంటే మంచి పని, వాయిదాలు కట్టేది మీరైతే బండిని మీ పేరునే రిజిస్టరు చేయించుకోండి.

ఇన్సూరెన్సు వుంది కదా అంటారు. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికే. మన బండి దెబ్బకు డబ్బు రావాలంటే సొంత నష్టం పాలసీ విడిగా వుండాలి. వున్నా, చిన్న దెబ్బకు క్లెయిము పెడితే నో క్లెయిం బోనస్ పోతుంది. క్లెయిము లేని మొదటి ఏడాది తర్వాత 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే తగ్గింపు అది. లెక్క వేసుకుని చూసి నిర్ణయించుకోండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోదామా అంటే, ట్రాలీ మోటారు వాహనం కాదు. అక్కడ ఈ కేసు నడవదు.

ఇప్పుడు ఈ వ్యవహారంలో ఇంకో మనిషి సంగతి. దుకాణం చివరికి నష్టం కట్టిందనుకుందాం. మరుసటి నెల ఏం జరుగుతుంది? ట్రాలీలు తెచ్చే కుర్రవాడి జీతంలోనో, బయట నిలబెట్టిన వాచ్‌మన్ జీతంలోనో, బిల్లింగులో కూర్చున్న అమ్మాయి జీతంలోనో కోత పెడతారు. ఒక పేదరాలికి వచ్చిన పరిహారం ఇంకో పేదరాలి జీతంలోంచి వస్తే మనం గెలిచినట్టు కాదు. దీనికీ చట్టం వుంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, నష్టం పనివారి నిర్లక్ష్యం వల్లనే నేరుగా జరిగితే తప్ప జీతంలో కోత పెట్టకూడదంది. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కొయ్యకూడదంది, నష్టానికి మించి కొయ్యకూడదంది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఈ రక్షణలను నిలబెట్టింది. నలుగురు చెయ్యవలసిన పని ఒక్కడిచేత చేయిస్తే అది ఆ ఒక్కడి నిర్లక్ష్యం కాదు. అందుచేత ఫిర్యాదు రాసేటప్పుడు పనివాళ్ళ పేర్లు రాయకండి. మేనేజిమెంటు ఏర్పాటు చెయ్యలేదని రాయండి.

ఇక చెయ్యవలసిన పనులు. బండిని లేవనెత్తక ముందే ఫోనులో ఫొటోలు తియ్యండి. ట్రాలీ, బండి, నేల వాలు, గీతలు, బోర్డు అన్నీ పడాలి. కొన్న సరుకుల బిల్లు పారెయ్యకండి. మీరు ఆ దుకాణం వినియోగదారులని చెప్పే కాగితం అదే. ఆ రోజే మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. అందులోనే సి.సి. కెమెరా రికార్డును చెరపకుండా వుంచమని రాయండి. పాత రికార్డు కొన్నాళ్ళకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. చూసినవాళ్ళ పేరు, ఫోను నంబరు అడిగి పెట్టుకోండి. మెకానిక్ దగ్గర ఎంతవుతుందో రాయించుకుని, బాగుచేయించాక బిల్లు తీసుకోండి. జవాబు రాకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

అప్పటికీ కదలకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 1986 చట్టం కింద ఫోరం అని పిలిచేవాళ్ళం. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం కింద కమిషన్ అంటున్నాం. నష్టం జరిగిన రెండేళ్ళలోగా ఫిర్యాదు వెయ్యాలి. మీరు నివాసం వుండే చోట గానీ, పని చేసుకునే చోట గానీ ఫిర్యాదు వెయ్యవచ్చునన్నది కొత్త చట్టం ఇచ్చిన మంచి సౌకర్యం. బెంగుళూరులో దెబ్బతిన్న బండికి కుప్పం ఆమె అక్కడికి తిరగనక్కరలేదు. కొన్న సరుకు లేదా సేవ విలువ అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. వకీలు కావాలంటే, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు వుంది, ఆదాయంతో నిమిత్తం లేదు. దానికి 15100 నంబరు వుంది. ఈ ఒక్క సంగతి ప్రతి వూళ్ళో ప్రతి సంఘంలో చెప్పండి. ట్రాలీకే కాదు, చాలా వాటికి పనికొస్తుంది.

రెండు వేల రూపాయల దెబ్బకు కమిషన్ చుట్టూ ఎవరు తిరుగుతారని మీరు అడుగుతారు. నిజమే. తాజ్ హోటల్ కేసు 21 ఏళ్ళు నడిచింది. ఆ హోటల్‌తో పోరాడింది ఇన్సూరెన్సు కంపెనీ కూడా కలిసి కాబట్టి అంతకాలం నిలబడగలిగింది. బోర్డు రాసినవాళ్ళ ధైర్యం కూడా అదే. చట్టం తమవైపు వుందని కాదు, ఇంత చిన్న మొత్తానికి ఎవరూ రారని. కాబట్టి ఒంటరిగా చెయ్యలేని పనిని సంఘంగా చెయ్యాలి. ఒకే రకమైన నష్టం జరిగిన వినియోగదారులు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వెయ్యవచ్చు. రిజిస్టరైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘం కూడా వెయ్యవచ్చు.

కమిషన్‌కు పోకముందే చెయ్యగలిగిన పని ఇంకొకటి వుంది. మీ మీ పట్నాల్లో ట్రాలీలు పెట్టిన దుకాణాలకు సంఘం తరఫున నలుగురు వెళ్ళి ఉత్తరం ఇవ్వండి. ట్రాలీలకు కమ్మీలు కట్టిన చోటు కావాలి, వాలు వైపు అడ్డుకట్ట కావాలి, వాటిని తెచ్చి పెట్టే పనికి చాలినంత మందిని పెట్టాలి, ఫిర్యాదు పుస్తకం కౌంటరు మీద వుండాలి, పనివాళ్ళ జీతంలో కోత పెట్టకూడదు అని రాయండి. ఈ రోజు దొర్లిన ట్రాలీ బండికి తగిలింది. రేపు అదే ట్రాలీ తల్లి చెయ్యి పట్టుకుని నడిచే చంటిపిల్లకో నిండు చూలాలికో తగలవచ్చు. అప్పుడు మడ్‌గార్డు ఖరీదు గురించి కాదు మనం మాట్లాడుకోవలసింది. ఉత్తరం ఇచ్చాక అలాంటిది జరిగితే, మాకు తెలియదని వాళ్ళు చెప్పలేరు. ఆ ఉత్తరం నకలే సాక్ష్యమవుతుంది.

"సంబంధం లేదు" అన్న మాట మనకు కొత్త కాదు. పొలంలో మందు కొట్టి కూలిమనిషి పడిపోతే సంబంధం లేదంటారు. కంట్రాక్టరు కింద పనిచేసే ఆమెకు జీతం రాకపోతే సంబంధం లేదంటారు. దుకాణం గోడ మీద అదే మాటను రంగుతో రాశారు, అంతే తేడా. చదువుకున్నవాళ్ళు కూడా ఆ రాత చూసి తిరిగి వచ్చేస్తున్నారు. ఇకమీదట ఆ బోర్డు కనిపించినప్పుడు దాని ముందు నిలబడి, ఈ వస్తువు ఎవరి అదుపులో వుందని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు ఎవరి వైపు చూపిస్తే బాధ్యత వారిదే.

మీ మీ ప్రాంతాల్లో ఇలాంటివి ఎదురైతే వివరాలు రాసి పంపండి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.